12 వోల్టుల పంతం: తోట ఇంటి వైరింగుతో నా అనుభవం

మా నిమ్మతోటలో కరెంటు పని పోయిన ఆదివారంతో ముగిసింది. కోపం చల్లారితే కొన్ని సంగతులు దాచిపెడతానేమోనని ఇప్పుడే రాస్తున్నాను. గుంటూరు నుంచి ప్రత్తిపాడు వెళ్ళే దారికి బాగా లోపలగా ఉన్న ఆ తోటకు లైను రావాలంటే వేయవలసిన స్తంభాల లెక్క వినగానే సౌర విద్యుత్తుకు సిద్ధపడ్డాను. 165 వాట్ల సోలార్ ప్యానెళ్ళు రెండు, 150 ఆంపియర్ అవర్ల 12 వోల్టుల బ్యాటరీ ఒకటి, బ్యాటరీ అతిగా ఛార్జ్ కాకుండా చూసే ఛార్జ్ కంట్రోలర్ ఒకటి కొని, ప్యానెళ్ళను సామాన్ల కొట్టం మీద దక్షిణానికి వాల్చి బిగించడం రెండు రోజుల్లో అయిపోయింది.

బ్యాటరీ ఇచ్చేది డీసీ, అంటే ఒకే దిశలో పారే కరెంటు కనుక, దానిని అలాగే 12 వోల్టులతో ఇంట్లోకి తీసుకువెళ్ళాలా, లేక ఇన్వర్టర్ పెట్టి అందరి ఇళ్ళలో ఉన్నట్టు 230 వోల్టుల ఏసీగా, అంటే దిశ మారుతూ పారే కరెంటుగా మార్చుకోవాలా అన్నది తేల్చుకోవలసి వచ్చింది. 31 ఏళ్ళు ఇంటర్మీడియట్ విద్యార్థులకు భౌతికశాస్త్రం బోధించి, నా దగ్గర చదివినవాళ్ళు ఇంజనీర్లయ్యారని పెళ్ళిళ్ళలో చెప్పుకునే నాకు అది ఐదు నిమిషాల నిర్ణయం. ఇన్వర్టర్ మార్పిడిలో కొంత శక్తిని తానే తింటుంది, ఒక్క దీపమైనా వెలగకపోయినా బ్యాటరీని లాగుతూనే ఉంటుంది, పైగా 12 వోల్టుల తీగను పొడిచేత్తో ముట్టుకున్నా షాకు కొట్టదు. ఈ మూడూ నిజాలే. వీటిని మా ఆవిడకు అరగంటసేపు వివరిస్తే, అంతా విని, "మిక్సీ తిరుగుతుందా?" అని ఒక్క మాట అడిగింది. 500 వాట్ల మిక్సీకి 12 వోల్టుల దగ్గర 40 ఆంపియర్లు దాటుతాయని తెలిసి కూడా, తోటలో రోలు ఉంది కదా అన్నాను.

విజయవాడ గవర్నర్‌పేటలోని ఒక దుకాణంలో 12 వోల్టుల బీఎల్‌డీసీ (బ్రష్‌లు లేని డీసీ మోటారు) ఫ్యాన్లు రెండు, 9 వాట్ల డీసీ బల్బులు మూడు, 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు చుట్ట తీసుకున్నాను. ఈ వైరు సరిపోతుందా అని అడిగాను. "230కే సరిపోయేది 12కు సరిపోదా సార్?" అన్నాడు దుకాణదారు. ఆ మాటలోని తప్పును మొదటి సంవత్సరం విద్యార్థి అయినా పట్టుకోవాలి. నేను తల ఊపి డబ్బు కట్టాను.

రోహిణి కార్తెలో మా వియ్యాలవారు తోట చూడడానికి వచ్చారు. భోజనాల ముందు ఒక గదిలో ఫ్యాను వేస్తే తిరిగింది, కొంచెం మందకొడిగా ఉన్నా తిరిగింది. సౌరశక్తి గురించి మా వియ్యంకుడికి నాలుగు మాటలు గొప్పగా చెబుతూ బల్బులు వేసి, రెండో గదిలో ఫ్యాను కూడా వేశాను. బల్బులు మసకబారాయి, రెండు ఫ్యాన్లూ ఆగిపోయాయి, క్షణంలో బల్బులు తేరుకున్నాయి, ఫ్యాన్లు మళ్ళీ కదిలాయి, మళ్ళీ ఆగాయి. మామిడికాయ పప్పు వడ్డిస్తున్నంతసేపూ ఇదే వరుస. ఆయన తాటాకు విసనకర్ర అందుకుని, "బావగారూ, మీ ఫ్యాను ఆయాసపడుతున్నట్టుందే," అన్నారు. నవ్వకుండా అనడమే నన్ను ఎక్కువ బాధించింది. బ్యాటరీలో లోపం ఉందని, దుకాణంవాడు మోసం చేశాడని ఏవేవో చెప్పాను. బ్యాటరీ దగ్గరకు వెళ్ళి మీటరు పెట్టి చూస్తే 12.6 వోల్టులు నిక్షేపంగా ఉన్నాయి. అక్కడి నుంచి నాకు దిక్కు తోచలేదు.

మర్నాడు ఊళ్ళోంచి ఐటీఐ చదివిన కుర్రాణ్ణి పిలిపించాను. నేను మీటరు చేతికి ఇవ్వబోతే, "మీటరు తరువాత మాస్టారూ, ముందు టేపు ఉంటే ఇవ్వండి," అన్నాడు. కొట్టంలోని బ్యాటరీ నుంచి ఇంటి దాకా వైరు వెంబడి కొలిచాడు. 30 మీటర్లు వచ్చింది. పోనూ రానూ 60 మీటర్లు. ఆ వైరుకు కిలోమీటరుకు సుమారు 12 ఓమ్‌ల నిరోధం ఉంటుంది కనుక 60 మీటర్లకు 0.72 ఓమ్‌లు. నాలుగు ఆంపియర్లు పారితే దారిలోనే 2.9 వోల్టులు పోతాయి. ఒక ఫ్యానూ బల్బులూ వేయించి ఇంటి దగ్గర మీటరు పెట్టాడు, 9.7 చూపించింది. రెండో ఫ్యాను వేస్తే వోల్టేజి ఇంకా పడిపోయి, ఫ్యానులోని సర్క్యూట్ తనంతట తాను ఆపేసుకుంటుంది. ఆగగానే లోడు తగ్గి వోల్టేజి లేస్తుంది కనుక మళ్ళీ మొదలవుతుంది. ఇదంతా ఓమ్ నియమమే: కరెంటును నిరోధంతో గుణిస్తే వోల్టేజి. నేను ఎన్ని వందల సార్లు బోర్డు మీద రాశానో లెక్క లేని నియమాన్ని ఆ కుర్రవాడు మా గోడ మీద బొగ్గుముక్కతో రాసి, నా వైపు చూడకుండా చేతులు దులుపుకున్నాడు. ఆ చూడకపోవడం మర్యాద కోసమేనని నాకు తెలుసు. తల కొట్టేసినట్టయింది.

అయినా పంతం వదలక, లావు వైరు వేస్తే చాలదా అన్నాను. రెండు ఫ్యాన్లూ మూడు బల్బులూ కలిపి 90 వాట్లు, అంటే ఏడున్నర ఆంపియర్లు. వోల్టేజి నష్టం మూడు శాతం మించకూడదంటే 25 చదరపు మిల్లీమీటర్ల రాగి కేబుల్ కావాలి. దాని ధర కనుక్కుంటే ఇన్వర్టర్ ధరను దాటిపోయింది. మొదటే 24 వోల్టులు ఎంచుకుని ఉంటే కరెంటు సగమై, సహించగల నష్టం రెట్టింపై, 6 చదరపు మిల్లీమీటర్లతో గడిచేది, కానీ ఫ్యాన్లు 12వి కొనేశాను. అదే 90 వాట్లు 230 వోల్టులలో అర ఆంపియరు కూడా కాదు. నా పాత వైరులోనే పోయేది పావు వోల్టుకు కాస్త ఎక్కువ. దుకాణదారు ఫ్యాన్లు వాపసు తీసుకోనన్నాడు. మీరు కొనబోయే వైరుకు నిరోధమెంత అని అడగండి, చెప్పలేని దుకాణం గడప దిగండి.

చివరకు ఏసీకే వచ్చాను. ప్యూర్ సైన్‌వేవ్ ఇన్వర్టర్‌ను, అంటే లైను కరెంటులాగే నున్నటి తరంగం ఇచ్చేదాన్ని, బ్యాటరీ పక్కనే పెట్టాము. చతురస్ర తరంగం ఇచ్చే చవకరకం మీద ఫ్యాన్లు గుయ్యిమంటాయి, మిక్సీ వేడెక్కుతుంది. బ్యాటరీకి జానెడు దూరంలో తగిన ఫ్యూజు ఉండి తీరాలని కుర్రవాడు పట్టుబట్టాడు, ఎందుకంటే 12 వోల్టులు మనిషిని కొట్టకపోయినా, షార్టయితే వందల ఆంపియర్లు పారి వైరును కాల్చేస్తాయి. ఎర్తు కడ్డీ పాతి, కరెంటు భూమిలోకి లీకైతే సరఫరాను తెంచేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టి, ఇన్వర్టర్‌తో వచ్చిన పుస్తకంలో అనుమతి ఉందని చూసుకున్నాకే న్యూట్రల్‌ను (కరెంటు తిరిగి వచ్చే తీగను) ఒక్కచోట ఎర్తుకు కలిపాడు. అది కలపకపోతే ఆర్‌సీసీబీ ఉన్నా లేనట్టేనట. ఏసీలో కరెంటు సెకనుకు 100 సార్లు సున్నాకు వస్తుంది కనుక స్విచ్చి తీసినప్పుడు పుట్టిన నిప్పు ఆరిపోతుంది, డీసీలో ఆ వీలు లేదు కనుక ప్యానెళ్ళ వైపు మాత్రం డీసీకని చేసిన ఎంసీబీయే (కరెంటు మితిమీరితే తనంతట పడిపోయే స్విచ్చి) వేశాము. ఇంత జాగ్రత్త పడీ స్నానాల గదిలో పాత 12 వోల్టుల బల్బు తీయడం మరిచాము. హోల్డరు రెండింటికీ ఒకటే కావడంతో, ఇన్వర్టర్ వేయగానే అది ఠప్పున పేలింది.

ఖాళీగా ఉన్నప్పుడు ఇన్వర్టర్ లాగేది 15 వాట్లు. రోజంతా వదిలేస్తే 360 వాట్ అవర్లు, అంటే 1800 వాట్ అవర్ల లెడ్ యాసిడ్ బ్యాటరీలో సగమే వాడుకుంటాము కనుక మా చేతికి అందే 900లో ఐదింట రెండు వంతులు. నా మొదటి వాదన వట్టిది కాదని మా ఆవిడకు ఈ లెక్క చూపించాను. ఆమె మిక్సీ వేసుకుంది, నాకు వినబడలేదు. ఇప్పుడు తోట నుంచి వచ్చేటప్పుడు ఇన్వర్టర్ స్విచ్చి ఆపి తాళం వేస్తున్నాము. 12 వోల్టుల ఫ్యాన్లలో ఒకటి అటక మీద ఉంది. రెండోది కొట్టంలో బ్యాటరీకి రెండు మీటర్ల దూరంలో, కంపెనీ చెప్పినంత వేగంతో తిరుగుతోంది. మా కాపలాదారు మధ్యాహ్నం పూట దాని కిందే పడుకుంటున్నాడు.