ఏది బెస్ట్ అని ఎందుకు అడుగుతామంటే

"మీవాళ్లు ఎప్పుడూ ఏది బెస్ట్ అనే అడుగుతారు. దేనికి అని ఒక్కరూ అడగరు."

మా షాపులో అందరికంటే సీనియర్ మెషినిస్టు లంచ్ టైములో నాతో అన్న మాట ఇది. కోపంగా అనలేదు. శాండ్‌విచ్ చుట్టిన కాగితం మడుస్తూ మామూలుగానే అన్నాడు. కానీ ఇండియా నుంచి వచ్చినవాళ్లందరినీ కలిపి అన్న ఆ "మీవాళ్లు" దగ్గర మనసు చివుక్కుమంది. అప్పటి నుంచి డ్రైవింగ్‌లో ఉన్నా, వంట చేస్తున్నా లోపల దానికి జవాబు చెప్పుకుంటూనే ఉన్నాను.

మాది హ్యూస్టన్‌కి ఉత్తరాన చిన్న మెషిన్ షాపు. చమురు బావులకు వాడే వాల్వుల భాగాలు చేస్తాం. నేను క్వాలిటీలో పని చేస్తాను. ఆ పెద్దాయనకు ఊరికి దూరంగా కొంత పొలం ఉంది. పశువుల కోసం చలికాలంలో ఓట్స్ చల్లుతాడు. మొలక రాగానే అడవిపందులు దిగుతాయి. ఒక్క రాత్రిలో దున్నినట్టు తిరగేసి పోతాయి. ఒకప్పుడు స్పానిష్ వాళ్లు తెచ్చిన పెంపుడు పందులు అడవిన పడటం, తర్వాత వేట సరదాకి కొందరు యూరప్ అడవిపందుల్ని తెచ్చి వదలడం, ఈ రెండూ కలిసి పుట్టిన సంతతి ఇది. టెక్సాస్ ఎంత విసిగిపోయిందంటే, 2019 సెప్టెంబరు నుంచి సొంత భూమిలో గానీ, యజమాని ఒప్పుకున్న భూమిలో గానీ ఈ పందుల్ని కొట్టడానికి హంటింగ్ లైసెన్సు కూడా అక్కర్లేకుండా చేసింది.

ఆయన దగ్గర పాత బోల్ట్ యాక్షన్ రైఫిలు ఉంది. ఒక గుండు పేలగానే మంద చెదిరిపోతుంది, బోల్టు లాగి మళ్లీ గురిపెట్టేలోపు చెట్లలో దూరిపోతాయి. అందుకని సెమీ ఆటోమేటిక్ రైఫిల్ ఒకటి తనే భాగాలు కొని కూర్చుకోవాలని అనుకున్నాడు. ట్రిగ్గర్ నొక్కినప్పుడల్లా ఒక గుండు పేలి, తర్వాతది దానంతటదే ఎక్కే రకం. ఏ ప్లాట్‌ఫామ్ మీద, అంటే ఏ మూల డిజైను మీద కట్టాలి, ఏఆర్-15 మీదా, దానికంటే పెద్దదైన ఏఆర్-10 మీదా అన్నదే ఆయన ఆలోచన. నేను మెకానికల్ వాడిని, నాకు ఆసక్తి పుట్టింది. రాత్రిళ్లు కూర్చుని చదివి, ఒక పట్టిక వేసుకుని వెళ్లి, "ఏఆర్-10 బెస్ట్ కదా, పవర్ ఎక్కువ, దూరం ఎక్కువ" అన్నాను. అప్పుడొచ్చింది ఆ మాట.

ఆయన లెక్క వేరేలా నడిచింది. ఓట్స్ మడి అంచు నుంచి ఆయన కూర్చునే చోటికి వంద గజాలకు అటూ ఇటూ. తనతో పాటు భార్య కాలుస్తుంది, పదిహేనేళ్ల మనవడు కాలుస్తాడు. భుజం మీద తన్ను తక్కువగా ఉండాలి. తుపాకీ తేలిగ్గా ఉండాలి. ఇంట్లో ఇప్పటికే .223 అనే సన్న తూటాల రైఫిలు ఒకటి ఉంది. ఈ నాలుగు సంగతులు తేలాకే ఆయన కేటలాగు తెరిచాడు.

రూగర్ వాళ్ల మినీ-14 అంటే ఆయనకు ఇష్టమే, ట్రక్కులో పెట్టుకోవడానికి మంచిదంటాడు. అయితే అది కంపెనీ చేసి అమ్మే తుపాకీ. విప్పి మన ఇష్టం వచ్చినట్టు మార్చుకునే అవకాశం తక్కువ. ఏఆర్-10కి అడ్డం వచ్చినవి బరువు, తూటా ఖరీదు, మనవడి భుజం. పైగా అందులో ఇంకో చిక్కుంది. అది మాత్రం ఒక క్వాలిటీ మనిషిగా నాకు నిద్ర పట్టనివ్వలేదు. ఏఆర్-10 అని బజార్లో పిలిచేవన్నీ ఒకటి కావు. ఆర్మలైట్ కంపెనీ పద్ధతి ఒకటి, డీపీఎంఎస్ కంపెనీ పద్ధతి ఒకటి. పై భాగమూ కింది భాగమూ కలిసే వెనక అంచు ఒకదానికి ఏటవాలుగా తిన్నగా ఉంటుంది, ఇంకోదానికి గుండ్రంగా తిరుగుతుంది. తూటాలు పెట్టే మ్యాగజీన్లు కూడా వేరు. ఒకరి దగ్గర పై భాగం, ఇంకొకరి దగ్గర కింది భాగం కొంటే కూర్చోవచ్చు, కూర్చోకపోవచ్చు.

ఏఆర్-15 అలా కాదు. 1950లలో ఆర్మలైట్‌లో యూజీన్ స్టోనర్ ముందు ఏఆర్-10 గీశాడు, దాన్ని చిన్నది చేస్తే ఏఆర్-15 అయింది. 1959లో హక్కులు కోల్ట్‌కి అమ్మేశారు, తర్వాత అదే సైన్యంలో ఎం16 అయింది. సైన్యం తీసుకుంది కాబట్టి కొలతలు గట్టిపడ్డాయి. ఇవాళ ఎన్ని కంపెనీలు చేస్తున్నా దాదాపు అన్నింటిలో పిన్ను రంధ్రాలు అక్కడే ఉంటాయి, పిన్నుల వ్యాసం అంతే ఉంటుంది. రెండు పిన్నులు నెట్టితే పై సగం ఊడి వస్తుంది, వేరే బ్యారెల్, వేరే తూటా ఉన్న పై సగం పెడితే ఇంకో తుపాకీ. ఎక్కడో ఒహాయోలో మిల్లింగ్ చేసిన అల్యూమినియం ముక్క ఇంకెక్కడో టెక్సాస్‌లో చేసిన ముక్కలో ఇబ్బంది లేకుండా కూర్చుంటుంది. ఆ క్రమశిక్షణ చూస్తే నాకు గౌరవం కలుగుతుంది. వస్తువు ఏదైనా సరే, డ్రాయింగ్‌ని ఇంతమంది గౌరవించడం నేను మరెక్కడా చూడలేదు.

ఆయన ఏఆర్-15కే మొగ్గాడు. ఇక తూటా ఎంచుకోవడంలో ఆయన ఆలోచన నన్ను ఇంకా కట్టిపడేసింది. పందులకు 300 బ్లాకౌట్ అనే తూటా బాగుంటుందని చాలామంది చెప్పారు. అదే బోల్టు, అదే మ్యాగజీన్, బ్యారెల్ ఒక్కటే మారితే చాలు, చవక కూడా. ఆయన ఒక్క ముక్కలో వద్దన్నాడు. ఆ తూటా పొరపాటున .223 రైఫిల్లో పడితే ఒక్కోసారి లోపలికి ఎక్కేస్తుంది, పేలిస్తే తుపాకీ ముఖం మీదే పగులుతుంది. మ్యాగజీన్లు రెండింటికీ ఒకటే కాబట్టి చీకట్లో తేడా తెలియదు. "ఇంట్లో .223 ఉంది, మనవడు ఉన్నాడు" అని 6.5 గ్రెండెల్ అనే తూటా తీసుకున్నాడు. దానికి బోల్టు వేరు, మ్యాగజీన్ వేరు, ఖర్చు ఎక్కువ. కానీ గుల్ల లావు కాబట్టి .223 బ్యారెల్లో దూరనే దూరదు. నా పట్టికలో పవర్ ఉంది, దూరం ఉంది, ధర ఉంది. మనవడు అనే కాలమ్ లేదు.

సరే, ఆయన లెక్క ఆయనది. మరి మనవాళ్ల సంగతేంటి?

మాది అచ్చంపేట దగ్గర. మా నాయన బోరులోకి మోటారు కొన్నప్పుడు షాపువాడిని ఏది బెస్ట్ అని అడగలేదు. నేను పక్కనే ఉన్నాను. బోరు ఎన్ని అడుగులు, నీళ్లు ఎంత లోతులో ఉన్నాయి, ఎన్ని ఇంచుల నీళ్లు పోస్తుంది, ఎన్ని స్టేజీల మోటారు పడుతుంది, మా లైన్‌లో ఓల్టేజీ ఎంత పడిపోతుంది, కాలిపోతే వైండింగ్ కల్వకుర్తిలో చేస్తారా లేక హైదరాబాదు మోయాలా, ఇవన్నీ షాపువాడు నోరు తెరవకముందే నాయన నోట్లో ఉన్నాయి. విత్తనం విషయంలో కూడా అంతే. ఎర్ర నేలకా నల్ల నేలకా, బోరు కిందా వర్షం మీదా, ఇది తేలకుండా పేరు చెప్పే రైతు మా ఊళ్లో లేడు. దేనికి అని అడగడం మాకు రాదని ఎవరంటారు?

అదే నాయన నా ఎంసెట్ ర్యాంకు కాగితం పట్టుకుని ఊళ్లో కనిపించిన టీచరునీ, బ్యాంకు మేనేజరునీ, చివరికి బస్సులో పక్కన కూర్చున్న వాడినీ "ఏ కాలేజీ బెస్టు సార్" అని అడిగాడు. అక్కడ లోతు ఎంతో ఆయనకు తెలియదు. స్టేజీలు ఎన్నో తెలియదు. మా ఇంట్లో అంతకుముందు ఎవరూ ఆ కాగితం చూడలేదు. సీటు ఒక్కసారే వస్తుంది. బాగాలేదని మరుసటి ఏడాది మార్చుకోవడానికి డబ్బూ లేదు, వయసూ ఆగదు. దారి తెలియని చోట మనిషి ముందు నడిచినవాళ్లని మంచి దారేదని అడుగుతాడు. అది ఆలోచన లేకపోవడం కాదు, ఉన్న ఒక్క అవకాశాన్ని పారేసుకోకూడదన్న జాగ్రత్త.

అమెరికా వచ్చాక నాకు ప్రతిదీ ఆ ఎంసెట్ కాగితమే అయింది. హెల్త్ ఇన్సూరెన్స్ ప్లాను, కారు, అపార్ట్‌మెంటు లీజు, రిటైర్మెంటు కోసం దాచుకునే 401కే, పిల్లల స్కూలు జోన్. ఇక్కడివాళ్లకు వాళ్ల నాన్న చెప్తాడు, తాత చెప్తాడు. ఆ పెద్దాయనకు పన్నెండేళ్లప్పుడే వాళ్ల నాన్న తుపాకీ చేతికిచ్చాడు. పైగా కొన్నది నచ్చకపోతే వెనక్కిచ్చే వెసులుబాటు వీళ్లకుంది. పై సగం నచ్చకపోతే రెండు పిన్నులు నెట్టి ఇంకోటి పెట్టుకుంటాడు. అన్నీ మార్చుకోవచ్చు అన్న ధీమా ఉన్నవాడికి దేనికి అన్న ప్రశ్న హాయిగా వస్తుంది. హెచ్-1బీ మీద ఉన్నవాడు ఉద్యోగం మారాలంటేనే లాయర్‌ని అడగాలి. ఈ తేడా చూడకుండా మాది బుర్ర తక్కువ ప్రశ్న అంటే నేను ఒప్పుకోను.

ఇలా లోలోపల వాదించుకుంటున్న రోజుల్లోనే ఒక శనివారం ఆయన వాళ్ల గ్యారేజీకి రమ్మన్నాడు. భుజానికి ఆనించే స్టాకు వదులుగా ఊగుతోంది, ఎందుకో చూడమన్నాడు. స్టాకు ఎక్కే బఫర్ ట్యూబుకి మైక్రోమీటర్ పెట్టాను. 1.147 ఇంచులు వచ్చింది. అది మిల్-స్పెక్, అంటే సైన్యం కొలతల ట్యూబు, ఉండాల్సింది 1.148. ఆయన కొన్న స్టాకు కమర్షియల్ రకం, 1.168 ట్యూబు కోసం చేసింది. అంగుళంలో వెయ్యింట ఇరవై వంతుల తేడా. అంత కచ్చితమైన ప్లాట్‌ఫామ్‌లో కూడా ఈ ఒక్క చోట రెండు కొలతలు బతుకుతున్నాయి. ఆయన తల ఊపి, స్టాకు వాపసు డబ్బాలో పెట్టాడు.

బల్ల మీద పక్కన నల్లటి అల్యూమినియం ముక్క ఉంది, లోయర్ రిసీవర్, అంటే తుపాకీ కింది సగం. 7075 రకం ఫోర్జింగ్, ఫినిషింగ్ చూడాలనిపించి చెయ్యి చాపాను. ఆయన తన అరచెయ్యి దాని మీద అడ్డం పెట్టాడు. "అది ముట్టుకోకు. నీ వీసా ఇంకా మారలేదు కదా."

బ్యారెల్ లేదు, బోల్టు లేదు, ట్రిగ్గర్ కూడా బిగించలేదు. ఖాళీ డొప్ప. అయినా అమెరికా చట్టం దృష్టిలో ఆ డొప్పే తుపాకీ. సీరియల్ నంబరు దాని మీదే ఉంటుంది. బ్యారెల్, బోల్టు, స్టాకు అన్నీ మామూలు పార్సిల్లో ఇంటి గుమ్మానికి వస్తాయి. లోయర్ ఒక్కటీ లైసెన్సు ఉన్న డీలర్ దగ్గరికే వస్తుంది. 4473 ఫారం నింపి, బ్యాక్‌గ్రౌండ్ చెక్ అయ్యాకే చేతికిస్తారు. నాన్‌ఇమ్మిగ్రెంట్ వీసా మీద ఉన్నారా అని ఆ ఫారంలో అడుగుతారు. హెచ్-1బీ, ఎఫ్-1 వాళ్లు తుపాకీ గానీ, ఒక్క తూటా గానీ దగ్గర పెట్టుకోకూడదని ఫెడరల్ చట్టం. ఏదైనా రాష్ట్రం ఇచ్చిన చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్సు ఉంటే అందులో మినహాయింపు ఉంది. చిత్రం చూడండి, టెక్సాస్‌లో పందిని కొట్టడానికి లైసెన్సు అక్కర్లేదు, నేను తుపాకీ పట్టుకోవడానికి మాత్రం అదే లైసెన్సు కావాలి. షూటింగ్ రేంజికి వెళ్లి అద్దెకు తీసుకుని కాల్చినా అది చేతిలో పెట్టుకున్నట్టే లెక్క. 2022 నుంచి దీనికి గరిష్ఠ శిక్ష 15 ఏళ్లు. గ్రీన్‌కార్డు సంగతి వేరే చెప్పాలా? డాలస్‌లో మన కుర్రాళ్లు వీకెండ్ రేంజిలో ఫొటోలు దిగి వాట్సాప్ స్టేటస్ పెడుతుంటే నాకు టెన్షన్ వస్తుంది. లైసెన్సు ఉందో లేదో ఎవరూ అడగరు. అడిగితే పిరికివాడంటారు.

మీవాళ్లు అన్న మనిషే నా గ్రీన్‌కార్డు కోసం తన చెయ్యి అడ్డం పెట్టాడు. మా ఊరివాళ్లలో కూడా ఈ చట్టం ఎంతమందికి తెలుసో! ఆ మాట మీద బాధ పోలేదు. ఆ చెయ్యి మీద గౌరవమూ తగ్గలేదు. రెండూ అలాగే ఉన్నాయి.

ఆ రాత్రి నాయనకు ఫోన్ చేస్తే పల్లిచేనులో పందులు పడ్డాయన్నాడు. చుట్టూ అమ్మ పాత చీరలు కట్టారట. అక్కడ 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం అనుమతి లేకుండా పందిని కొట్టకూడదు. తుపాకీ లైసెన్సు మామూలు రైతుకు అందే వస్తువు కాదు. ఉన్నవాళ్లు కూడా ఎన్నికలొస్తే చాలావరకు పోలీసు స్టేషన్లో అప్పజెప్పి రావాలి. కొందరు రహస్యంగా కరెంటు తీగలు పెడతారు, పందికి పెట్టిన తీగకు మనిషి పోతాడు. నాయన ఆ పని చెయ్యడు. రాత్రంతా మేలుకుని డబ్బా కొడతాడు. టెక్సాస్‌లో ఓట్స్ పంట పోయిన మనిషి ఏ తూటా వెయ్యాలని ఆలోచిస్తాడు. పల్లి పోయిన నాయన ముందు ఆ ప్రశ్నే లేదు. తుపాకులు ఇంత తేలిగ్గా దొరకడం మంచిదని నేను అనను, ఇక్కడి వార్తలు చూస్తూ అనలేను కూడా. కానీ ఇద్దరి పంటనూ ఒకే రకం పంది తింటుంటే, ఒకరి ముందు ఇన్ని దారులు, ఇంకొకరికి చీరలు, డబ్బా. అది మింగుడు పడటం లేదు.

పెద్దాయనకు ఇదంతా ఇంకా చెప్పలేదు. వచ్చే వారం గ్రెండెల్ బ్యారెల్, బోల్టు వస్తున్నాయి. బోల్టు మూసినప్పుడు తూటాకి సరైన చోటు ఉందో లేదో కొలిచే హెడ్‌స్పేస్ గేజులు పెట్టి చూడటానికి రమ్మన్నాడు. ఆ రెండూ నేను ముట్టుకోవచ్చని ముందే చెప్పాడు. వెళ్తాను. గేజు పని అయ్యాక ఆయన కాఫీ పోస్తాడు. అప్పుడు చెప్తాను, నాయన బోరు మోటారు కొన్న రోజు నుంచి మొదలుపెట్టి.