కాలేజీలో గెలిచిన కోచ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో నిలబడతాడా?

ఏటా జనవరి వచ్చిందంటే ఇదే చర్చ. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో, అంటే అమెరికన్ ఫుట్‌బాల్ ప్రొఫెషనల్ లీగ్‌లో, కొన్ని జట్లు కోచ్‌లను తీసేస్తాయి, మర్నాటికల్లా కాలేజీ ఫుట్‌బాల్‌లో ఊపు మీదున్న ఎవరో ఒకరి పేరు వినిపిస్తుంది, "అక్కడ అన్ని గెలిచినవాడు ఇక్కడ గెలవలేడా" అని వాదనలు మొదలవుతాయి. అమెరికాకి ఎమ్మెస్ చేయడానికి వచ్చిన మనవాళ్ళలో చాలామందికి ఈ ఆట మొదట పరిచయమయ్యేది తమ యూనివర్సిటీ స్టేడియంలోనే కాబట్టి కాలేజీ కోచ్ మీద మనకి అభిమానం కాస్త ఎక్కువే. నాకూ ఉంది. కానీ నా లెక్కలో అతను ఎన్ని టైటిళ్ళు గెలిచాడన్నది రెండో విషయం. ఎలాంటి ఆటగాళ్ళతో గెలిచాడు, ఓడిపోయిన మర్నాడు ఎలా ఉంటాడు, ఈ రెండే అసలు ప్రశ్నలు.

కాలేజీలో పెద్ద కోచ్‌కి ఉన్న బలమంతా రిక్రూటింగ్‌లో ఉంటుంది. అలబామా, ఒహాయో స్టేట్ లాంటి యూనివర్సిటీల్లో కోచ్ దేశమంతా తిరిగి హైస్కూల్ పిల్లల్లో మేలైన వాళ్ళని ముందే ఏరుకుంటాడు, తెల్లవారకముందే రైతుబజారుకెళ్ళి తాజా సరుకంతా సంచిలో వేసుకున్నట్టు. ఆ తర్వాత శనివారం మధ్యాహ్నం ఎదురు జట్టుతో ఆడుతుంటే వాళ్ళ మెయిన్ ఆటగాళ్ళకంటే ఇతని బెంచి మీద కూర్చున్నవాళ్ళే మెరుగ్గా కనిపిస్తారు. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఆ సౌకర్యం లేదు. జట్లు వంతులవారీగా కాలేజీ కుర్రాళ్ళని ఎంచుకునే డ్రాఫ్ట్‌లో అందరికంటే ఘోరంగా ఓడిన జట్టుకే మొదటి అవకాశం, 32 జట్లకూ ఒకటే శాలరీ క్యాప్ (మొత్తం జీతాలకి పరిమితి), సీజన్‌లో జట్టుకి 53 మందే. గెలిచేవాడిని కిందికి లాగాలి, ఓడేవాడిని పైకి లేపాలి అన్నట్టే ఆ పద్ధతంతా కట్టారు. మంచి జట్లు కూడా 17 మ్యాచ్‌ల్లో ఐదారు ఓడిపోతాయి.

అర్బన్ మేయర్ సంగతి చూడండి. ఫ్లోరిడాలో రెండు టైటిళ్ళు, ఒహాయో స్టేట్‌లో ఒకటి. కాలేజీ హెడ్ కోచ్‌గా ఉన్న 17 సీజన్లలో మొత్తం ఓడినవి 32 మ్యాచ్‌లు. 2021లో ఎన్‌ఎఫ్‌ఎల్ జట్టు జాక్సన్‌విల్‌కి వెళ్ళాడు, ఆ ఏడాది డ్రాఫ్ట్‌లో మొదటి పిక్‌గా క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి దాడి నడిపించేవాడు) ట్రెవర్ లారెన్స్ కూడా దొరికాడు. 13 మ్యాచ్‌ల్లో 11 ఓడాక సీజన్ మధ్యలోనే తీసేశారు. మైదానం బయట గొడవలు కూడా తోడయ్యాయనుకోండి, కానీ ఓటమి అలవాటు లేని మనిషి వారం వారం ఓడిపోతూ పెళ్ళాం బిడ్డలున్న, కోట్ల కాంట్రాక్టులున్న పెద్దవాళ్ళని పందొమ్మిదేళ్ళ కుర్రాళ్ళని అదిలించినట్టు అదిలిస్తే వాళ్ళు వినరు. కాలేజీలో కోచ్ మాట కాదంటే కుర్రాడు బెంచి మీద కూర్చోవాలి. ఇక్కడ స్టార్ ఆటగాడి జీతం కోచ్ జీతంకంటే ఎక్కువ.

నిక్ సేబన్ మాత్రం వేరే. ఆయన్ని ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఫెయిలైనవాళ్ళ జాబితాలో వేయడం నాకు నచ్చదు. అంతకుముందు క్లీవ్‌లాండ్‌లో బిల్ బెలిచిక్ దగ్గర డిఫెన్స్ నడిపినవాడు, ఈ లీగ్ ఆయనకి కొత్తేం కాదు. 2005, 2006లో మయామి డాల్ఫిన్స్‌తో 15 గెలిచి 17 ఓడాడు. 2006లో వాళ్ళు తీసుకుందామనుకున్న క్వార్టర్‌బ్యాక్ డ్రూ బ్రీస్ భుజానికి ఆపరేషన్ అయింది, డాల్ఫిన్స్ డాక్టర్లు నమ్మకంగా చెప్పలేకపోయారు, జట్టు డాంటే కల్‌పెపర్‌ని తెచ్చుకుంది. బ్రీస్ న్యూ ఆర్లీన్స్‌కి వెళ్ళి సూపర్ బౌల్ (లీగ్ ఫైనల్) గెలిచాడు. క్వార్టర్‌బ్యాక్ లేకపోతే సేబన్ అంతటివాడికైనా ఇంతే. ఆ తర్వాత అలబామాలో ఆరు టైటిళ్ళు గెలిచాడు.

చిప్ కెల్లీది ఇంకో రకం. ఆరెగాన్‌లో ఊపిరి తీసుకోనివ్వని వేగంతో ఆడించి, అదే పద్ధతిని ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఫిలడెల్ఫియాకి తెచ్చి మొదటి రెండేళ్ళూ 10-6 (పది గెలుపులు, ఆరు ఓటములు) చేశాడు. ఎదుటివాళ్ళు ఆ కిటుకు పట్టుకున్నారు. 2015లో ఆటగాళ్ళ ఎంపిక కూడా తన చేతికే తీసుకుని జట్టులో స్టార్ ఆటగాడు లెషాన్ మెకాయ్‌ని వదులుకున్నాడు, ఆ సీజన్ పూర్తికాకముందే ఉద్యోగం పోయింది.

మరి గెలిచినవాళ్ళు? జిమ్మీ జాన్సన్ నాకు అందరికంటే ఇష్టమైన ఉదాహరణ. ఎన్‌ఎఫ్‌ఎల్ అనుభవం ఏమీ లేకుండా 1989లో మయామి యూనివర్సిటీ నుంచి నేరుగా డాలస్ కౌబాయ్స్‌కి వచ్చాడు, అదీ 29 ఏళ్ళు కోచ్‌గా ఉన్న టామ్ లాండ్రీ కుర్చీలోకి. మొదటి సీజన్ 1-15. ఆ సీజన్ మధ్యలోనే జట్టులో ఉన్న ఒకే ఒక్క పెద్ద స్టార్ హెర్షెల్ వాకర్‌ని మిన్నెసోటాకి ఇచ్చేసి గుట్టగా డ్రాఫ్ట్ పిక్‌లు తెచ్చుకున్నాడు. తర్వాతి డ్రాఫ్ట్‌లో ఎమిట్ స్మిత్ వచ్చాడు, 1991లో తను కాలేజీలో ఆడించిన రసెల్ మేరీల్యాండ్‌ని మొదటి పిక్‌గా తీసుకున్నాడు. కాలేజీ కుర్రాళ్ళలో ఎవరెలాంటివాడో అప్పటికి లీగ్‌లో అతనికి తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు! వరసగా రెండు సూపర్ బౌల్స్ గెలిచాడు. అప్పటికి శాలరీ క్యాప్ లేదు, 1994లో వచ్చింది, ఆ మాట కూడా చెప్పాలి.

పీట్ కారల్ అయితే ఎన్‌ఎఫ్‌ఎల్ జట్లు జెట్స్, పేట్రియట్స్ రెండూ తీసేశాక కాలేజీకి వెళ్ళి సదరన్ కాలిఫోర్నియాలో మళ్ళీ పేరు తెచ్చుకుని, సియాటిల్‌లో సూపర్ బౌల్ కొట్టాడు. దెబ్బలు ముందే తిని వచ్చాడు. జిమ్ హార్బా తనే పదేళ్ళకు పైగా ఎన్‌ఎఫ్‌ఎల్ క్వార్టర్‌బ్యాక్. మిషిగన్‌తో టైటిల్ గెలిచి 2024లో ఎన్‌ఎఫ్‌ఎల్ జట్టు ఛార్జర్స్‌కి వెళ్తే, ముందు ఏడాది 5-12తో ఉన్న జట్టు 11-6 అయింది. అక్కడ అప్పటికే మంచి క్వార్టర్‌బ్యాక్ జస్టిన్ హెర్బర్ట్ ఉన్నాడు, అది మర్చిపోకూడదు.

ఇప్పుడు కాలేజీ కూడా మారిపోయింది. 2021 నుంచి ఆటగాళ్ళు తమ పేరుమీద డబ్బు సంపాదించుకోవచ్చు, నచ్చకపోతే ఏడాది కాగానే వేరే యూనివర్సిటీకి వెళ్ళిపోవచ్చు. కోచ్‌కి బేరాలు, అలకలు, ఏజెంట్లు అన్నీ అక్కడే అలవాటైపోతున్నాయి. అందుకే ఇకముందు వచ్చేవాళ్ళకి అవకాశం కాస్త మెరుగే అనుకుంటున్నాను.

పేరు చెప్పమంటే, నోటర్ డామ్ కోచ్ మార్కస్ ఫ్రీమన్. 2024 సెప్టెంబర్‌లో సొంత మైదానంలో నార్తర్న్ ఇల్లినాయ్ చేతిలో 16-14తో ఓడిపోయాడు, అలాంటి ఓటమి తర్వాత ఆ ఊళ్ళో కోచ్‌ని ఎవరూ క్షమించరు. అదే జట్టుతో వరసగా 13 గెలిచి ఫైనల్ దాకా వెళ్ళాడు. ఎన్‌ఎఫ్‌ఎల్ జట్టు ఏదైనా నన్ను అడిగితే ఆ టైటిళ్ళ వీరులందరినీ పక్కనపెట్టి ముందు ఇతనికే ఫోన్ చేయమంటాను, కాకపోతే క్వార్టర్‌బ్యాక్‌ని సిద్ధంగా ఉంచుకుని చేయమంటాను.