దాచే మాటలు రాని పిల్ల

ఈ డిసెంబరు సెలవులకి ఇండియా వెళ్ళడం లేదని మా ఇంట్లో ఆగస్టులోనే తెలుసు. మా అమ్మకి మాత్రం నవంబరు దాకా చెప్పలేదు. చెప్పినప్పుడు కూడా "ఆఫీసులో సెలవు దొరకలేదమ్మా" అన్నాను. పక్కన కూర్చుని హోంవర్కు చేసుకుంటున్న మా పెద్దది తలెత్తి నా వంక చూసింది. దానికి పన్నెండేళ్ళు. ఫోను పెట్టేసేదాకా ఆగి, "నువ్విప్పుడు అమ్మమ్మకి అబద్ధం చెప్పావు కదా" అంది.

నా దగ్గర జవాబు లేక, "పెద్దవాళ్ళు కంగారుపడతారు" అన్నాను.

జూలైలో నా రొమ్ములో క్యాన్సర్ గడ్డ తీసేశారు. ఆగస్టు ఆఖరి వారంలో కీమో మొదలైంది. మూడు వారాలకొకటి చొప్పున ఆరు డోసులు. చివరిది డిసెంబరు రెండో వారంలో అయింది. నాకు గుండెలో పాత వాల్వు సమస్య ఉంది. గుండెకి భారమయ్యే మందులు వద్దని డాక్టరు సీఎంఎఫ్ అనే పాత పద్ధతి ఎంచుకున్నారు: సైక్లోఫాస్ఫమైడ్, మెథోట్రెక్సేట్, ఫ్లోరోయురాసిల్. ఈ మూడింటితో చాలామందికి జుట్టు మొత్తం రాలిపోదు, పలచబడుతుంది. నాకూ అంతే. అందువల్లే నాలుగు నెలలు వీడియో కాల్‌లో మా అమ్మ దగ్గర దాచగలిగాను. పాపిడి మార్చి దువ్వుకునేదాన్ని. మొహం సరిగ్గా కనపడకుండా కిటికీకి వీపు పెట్టి కూర్చునేదాన్ని.

పిల్లల దగ్గర మాత్రం ఏమీ దాచలేదు. నేను వెళ్ళే ఆస్పత్రిలో, ఇంట్లో చిన్నపిల్లలున్న రోగులతో మాట్లాడటానికే ఒక కౌన్సెలర్ ఉన్నారు. ఆవిడ మొదటిరోజే చెప్పారు, జబ్బు పేరు పెట్టే చెప్పండని. "బాగోలేదు" అని ఊరుకుంటే, రేపు ఇంట్లో ఎవరికి జలుబు చేసినా పిల్లలు హడలిపోతారట. అడిగినా అడగకపోయినా పిల్లల మనసులో మూడు ప్రశ్నలు తిరుగుతుంటాయన్నారు: ఇది నా వల్ల వచ్చిందా, నాకూ అంటుకుంటుందా, ఇక నన్నెవరు చూసుకుంటారు. ఆవిడ మరీ పుస్తకంలో ఉన్నట్టు చెబుతున్నారనుకున్నాను. వారం తిరక్కుండానే, స్నానం చేయిస్తుంటే మా ఆరేళ్ళవాడు అడిగాడు: "నేను నీ మీదెక్కి గెంతాను కదా, అందుకే వచ్చిందా?" సబ్బు చేతులతోనే వాణ్ణి పట్టుకుని, కాదు నాన్నా, ఎవరు గెంతినా రాదు, ముద్దు పెట్టుకుంటే అంటుకోదు అని చెప్పాను. వాడు నమ్మాడు. ఆ సాయంత్రం మళ్ళీ నా మీదెక్కి గెంతాడు.

అంటే మా ఇంట్లో రెండు పద్ధతులు నడుస్తున్నాయి. పిల్లలకి ఇక్కడ అమెరికాలో వాళ్ళు చెప్పమన్నట్టు నిజం. మా అమ్మకి నేను పుట్టి పెరిగిన ఇంట్లో చెప్పినట్టు మరోటి. మా వైపు ఈ జబ్బు పేరు నోటితో పలకరు. మా నాయనమ్మ కాలంలో రాచపుండు అనేవాళ్ళు, అది కూడా గొంతు తగ్గించి. తర్వాత "ఆ జబ్బు", "పెద్ద జబ్బు" అయింది. ఒంట్లో నలతగా ఉంది, కాస్త సుస్తీ చేసింది, డాక్టర్లు చూస్తున్నారు. కప్పిపుచ్చడానికి మన భాషలో ఎన్ని మెత్తటి మాటలున్నాయో! అవన్నీ నాకు వచ్చు.

చివరి డోసు పడిన పది పన్నెండు రోజులకి రక్తంలో తెల్లకణాలు అట్టడుగుకి దిగుతాయి. సరిగ్గా ఆ వారమే బడికి సెలవులిచ్చారు. బడి మూసేముందు తరగతిలో సగంమంది పిల్లలు దగ్గుతూ ఉంటారు కాబట్టి అంతకుముందు నుంచే ఇంట్లో కట్టుబాట్లు పెట్టుకున్నాం. గుమ్మంలోకి రాగానే చేతులు కడగాలి, జలుబున్నవాళ్ళెవరూ రాకూడదు, రోజుకి రెండుసార్లు నా టెంపరేచర్ చూడాలి. ఫ్లూ టీకా అందరం వేయించుకున్నాం. ముక్కులో కొట్టే మందులో బతికున్న వైరస్ ఉంటుంది, సూదే వేయించండి అన్నారు మా డాక్టరు. చిన్నాడు దానికి ఏడ్చాడు. ఫ్రిజ్ మీద పెద్ద అంకెలతో ఒక కాగితం అంటించాం: 100.4. అంతకు చేరితే పొద్దునదాకా ఆగకూడదు, మాత్ర వేసుకుని పడుకోకూడదు, వెంటనే ఆస్పత్రికి ఫోన్ చేయాలి. తెల్లకణాలు లేని ఒంట్లో చిన్న ఇన్ఫెక్షన్ కూడా గంటల్లో ముదురుతుంది. ఒక్కోసారి జ్వరం తప్ప ఇంకే గుర్తూ ఉండదు.

సెలవుల రెండోరోజు రాత్రి 101 వచ్చింది.

మా వీధిలో ఉండే తెలుగావిడ ఒకరు అర్ధరాత్రి పిల్లల దగ్గరికి వచ్చి పడుకున్నారు. మా ఆయన నన్ను తీసుకెళ్ళారు. రక్తం తీసి చూస్తే న్యూట్రోఫిల్స్, అంటే ఇన్ఫెక్షన్‌తో పోరాడే తెల్లకణాలు, 300. ఐదువందల కంటే తగ్గితే ప్రమాదం అంటారు. రిపోర్టులన్నీ వచ్చేదాకా ఆగకుండా యాంటీబయాటిక్ ఎక్కించి, మూడురోజులు ఉంచేశారు.

మర్నాడు పొద్దున, రోజూ చేసే వేళకే మా అమ్మ వీడియో కాల్ చేసింది. ఫోను పెద్దది తీసింది.

ఆ తర్వాత జరిగింది మా పొరుగావిడ చెప్పగా విన్నాను. "అమ్మేదే?" అని మా అమ్మ అడిగింది. ఈవిడ వెనకనుంచి చెప్పొద్దని చెయ్యి ఊపుతూనే ఉన్నారట. మా అమ్మాయి చెప్పేసింది: "అమ్మ ఆస్పత్రిలో ఉంది అమ్మమ్మా. అమ్మకి క్యాన్సర్. మందు అయిపోయింది. ఇప్పుడు జ్వరం. మూడు రోజుల తర్వాత వస్తుంది." అటువైపు నుంచి మాట లేదు. తన తెలుగు అమ్మమ్మకి అర్థం కాలేదేమో అనుకుని, ఇంకా నెమ్మదిగా, ఇంకాస్త గట్టిగా మొత్తం మళ్ళీ చెప్పింది.

ఆస్పత్రి మంచం మీద ఇది విన్నప్పుడు నాకు ముందు వచ్చింది కోపమే. ఇంత చిన్నపిల్లని ఈ పరిస్థితిలో పెట్టింది నేనే అన్న ఆలోచన తర్వాత వచ్చింది. దాని తెలుగు గురించి నాకెప్పుడూ బెంగే. క్రియలు తప్పుతాయి, ళ పలకదు, చుట్టాలతో మాట్లాడమంటే నాలుగు మాటలకి ఆగిపోతుంది. జబ్బుల గురించి దానికి వచ్చిన తెలుగు అంతా చిన్నప్పుడు నా ఒళ్ళో నేర్చుకున్నదే: నొప్పి, జ్వరం, మందు, తగ్గిపోయింది. నలత తెలీదు, సుస్తీ తెలీదు. ఉన్నదాన్ని మరోలా చెప్పే మాట ఒక్కటీ దాని దగ్గర లేదు. అందుకే ఉన్నది ఉన్నట్టు చెప్పింది.

మా అమ్మ నాకు ఫోన్ చేసింది. చాలాసేపు ఊపిరి తప్ప ఏమీ వినపడలేదు. తర్వాత అడిగింది, "ఎన్ని నెలలైందే?"

"ఐదు."

"నీ కూతురు నయం. నన్నో మనిషిగా లెక్కపెట్టింది."

నేను ఏడుస్తున్నాను. "అదికాదమ్మా, నువ్వు ఒక్కదానివే ఉంటావు, బీపీ..." అంటున్నాను. "మీ నాన్నప్పుడు..." అని మొదలుపెట్టి ఆగిపోయింది. ఇద్దరం ఆగిపోయాం.

చిన్నాడు నా కడుపులో ఉండగా మా నాన్న పదకొండు రోజులు ఆస్పత్రిలో ఉన్నారు. నాకు చెప్పలేదు. ఫోన్ చేస్తే "పడుకున్నారే", "ఇప్పుడే బయటికి వెళ్ళారు" అనేది అమ్మ. పన్నెండోరోజు మా బాబాయి ఫోన్ చేశాడు. ఏడో నెల, అంత దూరం విమానం ఎక్కద్దన్నారు. నాన్నని చూడలేదు. కడుపుతో ఉన్నదానివి, కంగారుపడతావని చెప్పలేదు అంది అమ్మ. ఆ మాట కోసం తనని చాలా ఏళ్ళు క్షమించలేదు. సరిగ్గా ఆ మాటే ఈ ఐదు నెలలూ నేను వాడాను: కంగారుపడతావని.

పెద్దవాళ్ళ ఆరోగ్యం దృష్ట్యా దాస్తున్నాం అని మనలో చాలామంది అంటారు. అది పూర్తి నిజం కాదని ఇప్పుడు నేను నమ్ముతున్నాను. వాళ్ళ ఏడుపు వినే ఓపిక మనకి లేక దాస్తాం. ఇంత దూరంలో ఉన్నందుకు మనల్ని ఏమంటారో అని దాస్తాం. కీమో నడుస్తున్నప్పుడు నిజంగానే ఆ ఓపిక ఉండదు, దాన్ని తప్పు పట్టను. కానీ ఆ భారం పన్నెండేళ్ళ పిల్ల మీద పెట్టకూడదు.

మిగిలిన సెలవులన్నీ ఇంట్లోనే గడిచాయి. పెద్దగా ఏమీ చేయలేదు. కీమో అలసట నిద్రపోతే తీరేది కాదు. లేచిన గంటకే మళ్ళీ వాలిపోతాను. కాస్త నడిస్తేనే తగ్గుతుందన్నారు కాబట్టి రోజూ మధ్యాహ్నం చిన్నాడి చెయ్యి పట్టుకుని వీధిలో నడిచేదాన్ని. మొదటిరోజు రెండు దీపస్తంభాల దాకా. సెలవులు అయ్యేసరికి తొమ్మిది. లెక్క వాడిదే, వెనక్కి తిరగమనే అధికారమూ వాడిదే.

మాటలు మర్చిపోవడం ఇంకొకటి. కీమో వల్ల కొంతమందికి బుర్ర మబ్బు కమ్మినట్టుంటుంది, నెలలు పట్టినా చాలామందికి తగ్గుతుంది అంటారు. దువ్వెన చూపించి "అది, అదీ" అని ఆగిపోయేదాన్ని. తెలుగు మాటా రాదు, ఇంగ్లీషు మాటా రాదు. ఇన్నేళ్ళూ పిల్లలు ఇంగ్లీషులో ఏదడిగినా "తెలుగులో చెప్పు" అని వినేదాకా ఇచ్చేదాన్ని కాదు. ఇప్పుడు చిన్నాడు దువ్వెన వెనక దాచుకుని, "తెలుగులో చెప్పు అమ్మా" అని ఓపిగ్గా నిలబడేవాడు. వాడికి అది ఆట. నేను చెప్పలేకపోతే మొదటి అక్షరం అందించేవాడు, నేను వాడికి అందించినట్టే.

ఒకరోజు పెద్దది నా మందుల కాగితం తెచ్చుకుని పక్కన కూర్చుంది. సిరంజిలో పసుపు రంగులో ఉండేది ఏది అని అడిగింది. మెథోట్రెక్సేట్ అని చెప్పాను. ఫోలిక్ ఆసిడ్ అనే విటమిన్ ఉంటుంది, కణాలు కొత్తవి పుట్టాలంటే అది కావాలి. నువ్వూ తమ్ముడూ కడుపులో ఉన్నప్పుడు రోజూ ఒక మాత్ర వేసుకునేదాన్ని. ఈ మందు అచ్చం దానిలాగే ఉండి, దాని చోట్లోకి వెళ్ళి కూర్చుని, క్యాన్సర్ కణాలు పెరగకుండా ఆపుతుంది. ఈ రకం మందుల్లో మొదటివాటిని తయారుచేయించినాయన మన తెలుగాయనే అన్నాను. నేను కల్పించి చెబుతున్నానేమో అన్నట్టు చూసింది.

యల్లాప్రగడ సుబ్బారావు గారు 1895లో భీమవరంలో పుట్టారు. ఇక్కడికి చదువుకోవడానికి వచ్చి హార్వర్డ్‌లోనూ, తర్వాత లెడర్లీ ప్రయోగశాలలోనూ పనిచేశారు. ఫోలిక్ ఆసిడ్‌ని కృత్రిమంగా తయారుచేసింది, దాన్ని ఎదిరించే అమినోప్టెరిన్ అనే మందుని తయారుచేసింది ఆయన బృందమే. 1947 చివర్లో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు లుకేమియా అనే రక్త క్యాన్సర్ ఉన్న పిల్లలకి ఆ మందు ఇవ్వడం మొదలుపెట్టారు. 1948లో ప్రకటించినప్పుడు పదహారుమందిలో పదిమందికి గుణం కనిపించింది, కొంతకాలమే అయినా. అంతకుముందు ఆ పిల్లలకి ఏ మందూ పనిచేసేది కాదు. మెథోట్రెక్సేట్ దాని తర్వాత వచ్చింది. సుబ్బారావు గారు 1948 ఆగస్టులో పోయారు. ఇక్కడికి వచ్చాక మళ్ళీ ఇండియా వెళ్ళనే లేదు.

చివరి మాట దగ్గర అది ఆగింది. "వాళ్ళమ్మ ఉత్తరాలు రాసేదా?"

నాకు తెలీదన్నాను. "ఆయన తెలుగులో మాట్లాడటానికి ఇక్కడ ఎవరైనా ఉండేవాళ్ళా?" అని మళ్ళీ అడిగింది. దానికీ నా దగ్గర జవాబు లేదు. చాలాసేపు ఆ కాగితం వంకే చూస్తూ కూర్చుంది.

అమ్మకి తెలిశాక చుట్టాలందరికీ తెలిసింది. ఒక పిన్ని ఫోన్ చేసి, "ఆడపిల్ల ఉంది కదే, ఈ సంగతి పదిమందికీ తెలిస్తే రేపు సంబంధాలు..." అని మొదలుపెట్టింది. స్పీకర్‌లో ఉంది, పెద్దది వింటోంది. రొమ్ము క్యాన్సర్లలో తల్లిదండ్రుల జన్యువుల నుంచి వచ్చేవి నూటికి ఐదు నుంచి పది మాత్రమేనని, నాకు చేసిన పరీక్షలో అలాంటిదేమీ లేదని పిన్నికి చెప్పాను. ఉన్నా సిగ్గుపడాల్సింది లేదని కూడా అన్నాను. ఫోను పెట్టాక పెద్దది అడిగితే, సంబంధాలు అంటే ఏమిటో అర్థం చెప్పాను. ఇంతకుముందైతే ఆ మాటా దాచేసేదాన్ని.

ఇప్పుడు మా అమ్మ నాకు కాకుండా నేరుగా మనవరాలికి ఫోన్ చేస్తోంది. నా దగ్గర "బాగానే ఉన్నానమ్మా" తప్ప ఇంకేమీ రాదని తనకి అర్థమైంది. పొద్దునా సాయంత్రం "ఎంతుంది?" అని అడుగుతుంది, ఇది థర్మామీటర్ చూసి చెబుతుంది. మొదట్లో అంకెలు ఇంగ్లీషులో చెప్పేది. అమ్మమ్మ తెలుగులో మళ్ళీ చెప్పేది. పదిరోజులకి తొంభై ఎనిమిది తడుముకోకుండా వస్తోంది.

జనవరి మొదటి వారంలో రక్తపరీక్ష చేశారు. ఇక రేడియేషన్ మొదలుపెట్టవచ్చన్నారు. కారు దిగకముందే పెద్దది ఫోన్ తీసింది.

"అమ్మమ్మా, తెల్లకణాలు వచ్చాయి. రెండు వేల... వన్ ఫిఫ్టీ."

"నూట యాభై."

"రెండు వేల నూట యాభై."

"ఉండు, కళ్ళజోడు పెట్టుకోనీ. క్యాలెండర్ మీద రాసుకుంటాను. ఏదీ, మళ్ళీ చెప్పు."