బాలమ్మ ముక్కుపుడక

అమ్మ కంటి ఆపరేషన్ బాగా జరిగితే త్రిపురాంతకం వచ్చి అక్కడి అమ్మవారు బాలమ్మకు పట్టుచీర పెడతానని మొక్కుకున్నాను. కట్టు విప్పి నెల దాటింది. మొన్న వైశాఖ పౌర్ణమికి బయల్దేరాం.

ముందు చందవరం చూద్దామన్నది నా పట్టు. దొనకొండ దాటి, గుండ్లకమ్మ ఒడ్డున సింగరకొండ మీద మహాస్తూపం. బుద్ధ పౌర్ణమే అయినా మేం వెళ్లేసరికి అక్కడ ఒక్క మనిషీ లేడు. స్తూపం పక్కన కూర్చుని అమ్మకు శిబి కథ చెప్పాను. మనకు తెలిసిన పావురం కథ కాదు, పాలి జాతకంలోది, అంటే బుద్ధుడి పూర్వజన్మల కథల్లోది. ఇంద్రుడు గుడ్డి బ్రాహ్మణుడై వచ్చి ఒక్క కన్ను అడిగితే శిబి రెండూ ఇస్తానంటాడు. వైద్యుడు సీవకుడు మందు పెట్టి, "ఇప్పుడైనా ఆపేస్తాను" అని బతిమాలతాడు. వినడు. కీర్తికి కాదు, కొడుకులకు కాదు, ధనానికీ రాజ్యానికీ కాదు, ఇవ్వడమంటేనే నా మనసుకు ఇష్టం అంటాడు.

"ఆయన ఊరికే కళ్లిచ్చాడు. నువ్వు కన్ను తీసుకుని చీర ఇస్తున్నావు" అని అమ్మ నవ్వింది.

త్రిపురాంతకంలో ఒకటే జనం. మోచేతులతో పొడుచుకుంటూ "అమ్మా, తల్లీ" అంటే భక్తి ఎక్కణ్ణుంచి వస్తుంది! ఎవరి చెయ్యి అమ్మ కంటికి తగులుతుందోనని నాకు టెన్షన్. ఎండకు అమ్మ తూలింది. వెనకున్న ముసలామె స్టీలు క్యాను మూత తీసి మజ్జిగ పోసింది. అల్లం ఘాటు నాదాకా వచ్చింది. క్యాను తలకిందులు చేసి, అడుగున ఉన్న కరివేపాకుతో సహా గ్లాసులో దులిపింది.

"మరి నీకో, పెద్దమ్మా?"

"కోడలి కాన్పు సుఖంగా అయితే లైన్లో వాళ్లకు మజ్జిగ పోస్తానని మొక్కుకున్నా నాయనా. మొక్కులో నేను లేనుగా!"

అంటే ఆమెదీ బేరమే. ఆ మాటకొస్తే శిబి కూడా ఈ కంటికన్నా సర్వజ్ఞత అనే కన్ను తనకు ఎన్నో రెట్లు ప్రియమన్నాడు. ఆయనకూ ఏదో కావాలి మరి.

మెట్లు దిగి లోపలికి వెళ్తే దర్శనం రెప్పపాటే. నాకు దండలూ, ముందువాడి భుజమూ కనపడ్డాయి. అమ్మ మాత్రం "ముక్కుపుడకరా! ఎర్రరాయి!" అని గట్టిగా అరిచింది. అప్పటికే మమ్మల్ని పక్కకు నెట్టేశారు.

బయట కొళాయి దగ్గర పెద్దమ్మ క్యాను కడుగుతోంది. కడిగి పక్కన పెట్టి, దోసిలి పట్టి నీళ్లు తాగింది.