పడుకునే ముందు, ఆండీ మైనార్‌స్కీ గురించి

ఆదివారం. పొద్దున బట్టలు మిషన్లో వేసి, ఇడ్లీలు తినేసి, మామయ్యగారికి ఇంట్లో ఏమీ తోచట్లేదని అందరం ఇక్కడ కెనడాలో హామిల్టన్ ఎయిర్‌పోర్టు పక్కనున్న పాత యుద్ధవిమానాల మ్యూజియంకి వెళ్ళాం. అక్కడ రెండో ప్రపంచయుద్ధం నాటి లాంకాస్టర్ బాంబర్ ఉంది, నాలుగింజన్లది, ప్రపంచం మొత్తంలో ఇంకా ఎగిరే లాంకాస్టర్లు రెండే, ఒకటి ఇంగ్లండ్‌లో, రెండోది ఇది. తయారైంది మాల్టన్‌లో, అంటే మనవాళ్ళంతా ఇండియా నుంచి వచ్చి దిగే టొరంటో పియర్సన్ ఎయిర్‌పోర్టు దగ్గరే.

దానికి ఆండ్రూ మైనార్‌స్కీ అనే కుర్రాడి పేరు పెట్టారు. ఇంట్లో అందరూ పడుకున్నారు, నాకు నిద్ర పట్టట్లేదు, అతనే గుర్తొస్తున్నాడు.

ఊరు విన్నిపెగ్. పోలండ్ నుంచి వలసొచ్చిన కుటుంబం. పదహారేళ్ళప్పుడు నాన్న పోతే తోలు కత్తిరించే పనికి వెళ్ళి ఇంటికి ఆసరా అయ్యాడు. 1941లో కెనడా ఎయిర్‌ఫోర్స్‌లో చేరాడు. విమానం నడుం మీదుండే గాజు గూట్లో కూర్చునే గన్నర్. తోకలో ఇంకో గన్నర్, పేరు పాట్ బ్రోఫీ, ఇద్దరూ ప్రాణస్నేహితులు.

1944 జూన్ 12 రాత్రి. మిత్రదేశాల సైన్యం ఫ్రాన్స్ తీరంలో నార్మండీ దగ్గర దిగి ఇంకా వారం కాలేదు, జర్మన్లు రైళ్ళలో అక్కడికి మనుషుల్నీ సామాన్నీ తోలకుండా ఫ్రాన్స్‌లోని కాంబ్రే రైల్వే యార్డు మీద బాంబులెయ్యాలి. మామయ్యగారు బెజవాడ యార్డులో చేసి రిటైరయ్యారుగా, వెంటనే అందుకున్నారు, "యార్డు పోయిందంటే లైనంతా పోయినట్టేనమ్మా, బళ్ళు ఎక్కడివక్కడ నిలబడిపోతాయి" అని. బయల్దేరే ముందు వీళ్ళు విమానం పక్కన గడ్డిలో కూర్చుంటే ఆండీకి క్లోవర్ అనే గడ్డిమొక్క నాలుగాకులది దొరికిందంట, వాళ్ళలో అది అదృష్టం కింద లెక్క. నువ్వే ఉంచుకో అని పట్టుబట్టి బ్రోఫీకి ఇచ్చేశాడు.

అర్ధరాత్రి దాటాక జర్మన్ ఫైటర్ కొట్టింది. ఎడమ రెక్క మీది రెండింజన్లూ పోయాయి. రెక్కలో మంట, లోపల ఈ గన్నర్లిద్దరికీ మధ్యలో మంట. పైలట్ దూకెయ్యమన్నాడు. తోకలో గన్నర్ కూర్చునే గూడు తిరగాలంటే ఇంజన్ నుంచి హైడ్రాలిక్ ప్రెషర్ రావాలి, ఇంజన్ పోయేసరికి అది ఓ పక్కకి తిరిగి బిగుసుకుపోయింది. గూడు తలుపూ విమానం లోపలికొచ్చే దారీ ఎదురెదురుగా వస్తేనే బయటికి రాగలడు. చేత్తో తిప్పే హ్యాండిల్ ఉంటుంది, ఆ కంగారులో అదీ విరిగింది. పారాచూటేమో లోపలి వైపు ఉంది, గూట్లో పెట్టుకోడానికి చోటుండదు.

ఆండీ అప్పటికే తలుపు దగ్గరికొచ్చేశాడు, దూకడమే తరువాయి. అప్పుడు చూశాడు బ్రోఫీ ఇరుక్కుపోయాడని, దూకకుండా మంటల్లోంచి పాకుతూ తోక దాకా వెళ్ళి గొడ్డలితో కొట్టాడు, చేతుల్తో లాగాడు, ఆ గూడు కదల్లేదు, ఈలోపు ఒంటిమీద బట్టలూ పారాచూటూ నడుం దాకా అంటుకున్నాయి. బ్రోఫీయే వెళ్ళిపో వెళ్ళిపో అని చెయ్యూపాడు. ఆండీ అతని వైపే చూస్తూ, వీపు తిప్పకుండా, ఆ మంటల్లోంచే తలుపు దాకా వెనక్కి పాకి, అక్కడ లేచి నిలబడి, ఒళ్ళు కాలుతుండగా బ్రోఫీకి సెల్యూట్ చేసి దూకాడు. కింద ఫ్రెంచి వాళ్ళు చూశారంట, మండుతున్న పారాచూట్‌తో మనిషి దిగడం. వాళ్ళకి దొరికాడు గానీ బతకలేదు. ఇరవై ఏడేళ్ళు. మెహారికూర్ అనే పల్లె శ్మశానంలో పూడ్చారు.

బ్రోఫీ బతికాడు! బాంబులతో సహా విమానం నేలకి కొట్టుకుంటే ఆ గూడు ఊడి, అతను బయటికి విసిరేయబడి బతికాడు. విమానంలో ఏడుగురు, ఆండీ తప్ప ఆరుగురూ బతికారు. నిద్ర పట్టనివ్వంది ఇదే. మంటల్లో జరిగింది చూసినవాడు ఒక్క బ్రోఫీ. 1945లో మళ్ళీ కలిసినప్పుడు అతను చెప్తేనే పైలట్‌కి కూడా తెలిసింది, అప్పుడు పైలట్ పైకి రాస్తే 1946 అక్టోబర్‌లో విక్టోరియా క్రాస్, అంటే యుద్ధంలో ధైర్యానికి బ్రిటిష్ వాళ్ళిచ్చే అన్నిటికన్నా పెద్ద పతకం, ప్రకటించారు, పతకం వాళ్ళమ్మకి ఇచ్చారు. బ్రోఫీ కూడా పోయుంటే ఆమెకి ఏం తెలిసేది? కొడుకు కాలిపోయి చనిపోయాడని, అంతే. నా కొడుకు పక్క గదిలోనే పడుకున్నాడు, వాడికి పదహారు, ఆవిడ సంగతి తల్చుకుంటే గుండె బరువెక్కుతోంది.

బ్రిటిష్ బాంబర్ కమాండ్‌లో యుద్ధం మొత్తమ్మీద చనిపోయిన విమాన సిబ్బంది 55 వేల పైచిలుకు, అందులో కెనడా వాళ్ళే సుమారు 10 వేలు. ఏడుగురూ పోయిన విమానాలు ఎన్నో. వాటిల్లో కూడా దూకకుండా వెనక్కెళ్ళినవాళ్ళు ఉండే ఉంటారు, నాకు గట్టి నమ్మకం.

విన్నిపెగ్‌లో ఆండీ పేరుతో ఒక స్కూల్ ఉంది. మా తోడికోడలు వాళ్ళు ఉండేది ఆ ఊళ్ళోనే, వేసవి సెలవల్లో వెళ్తే ఆ స్కూల్ చూడాలి, మామయ్యగారు కూడా వస్తానన్నారు.