మెల్స్‌లో ఒక ఫోన్ బూత్

లివర్‌పూల్ వెళ్లినవాళ్లు ఎవరైనా బీటిల్స్ మ్యూజియంకి పోతారు. నేను ఫోన్ బూత్ చూడాలంటే మా తమ్ముడు "నీకేమైనా పిచ్చా అక్కా?" అన్నాడు. గొణుక్కుంటూనే తోడొచ్చాడు.

వెస్ట్ కర్బీ రైలు మెర్సీ నది కింద సొరంగంలోంచి పోయి అవతలి ఒడ్డున విరాల్ అనే ద్వీపకల్పంలో పైకి తేలుతుంది. దిగాల్సిన ఊరిని నేను 'మియోల్స్' అంటుంటే ఎదురు సీటు పెద్దాయన మెల్లగా "మెల్స్" అని సరిదిద్దాడు. ఎందుకొచ్చామో చెప్తే పకపకా నవ్వాడు.

ఓఎండీ అనే బ్రిటిష్ పాప్ బ్యాండు గాయకుడు ఆండీ మెక్‌క్లస్కీ 1959లో ఈ విరాల్‌లోనే, హెస్వాల్‌లో పుట్టాడు. 1978లో మిత్రుడు పాల్ హంఫ్రీస్‌తో లివర్‌పూల్ ఎరిక్స్ క్లబ్బులో తొలిసారి స్టేజీ ఎక్కినప్పుడు పందొమ్మిదేళ్లు. డ్రమ్మర్ లేడు, ఒక టేప్ రికార్డర్ ఉంది. దానికి విన్‌స్టన్ అని పేరు కూడా పెట్టుకున్నారు! రెండేళ్లకి హిరోషిమా మీద బాంబు వేసిన విమానం గురించి, కాళ్లు ఆగనంత హుషారైన పాట రాశాడు. నాకది ఇప్పటికీ మింగుడుపడదు, అయినా వింటూనే ఉంటాను. ఇంకో తమాషా. ఓఎండీ పాట ఏదీ బ్రిటన్‌లో మూడో స్థానం దాటలేదు. ఆయన నిలబెట్టిన అమ్మాయిల బృందం అటామిక్ కిటెన్ మాత్రం, ఆయన చెయ్యి పడిన పాటతోనే 2001లో మొదటి స్థానం కొట్టేసింది.

స్టేషన్‌కి దగ్గర్లో, రైల్వే ఇన్ పబ్బు ఎదురుగా ఉంది బూత్. మొదట్లో బ్యాండుకి ఇదే ఆఫీసు. 1980లో దీని మీదే పాట కట్టి, 632-3003 అని నంబరు కూడా పాడేశారు. 2017లో బూత్ తీసేస్తే అభిమానులు గోలచేసి మళ్లీ పెట్టించుకున్నారు.

చూడ్డానికేముంది? ఎర్ర చట్రం, అద్దాలు. నాకు మాత్రం మా వీధి కిరాణా కొట్లో కాయిన్ బాక్స్ గుర్తొచ్చింది. రూపాయి బిళ్ల పట్టుకుని క్యూలో నిలబడితే, ముందువాళ్ల మాటలు ఎంతకీ అయ్యేవి కావు. ఆ బాక్స్ ఎప్పుడు మాయమైందో మాలో ఒక్కరూ పట్టించుకోలేదు.

సముద్రపు గాలికి చెవులు పోతున్నాయి. అప్పటికే చిప్స్‌కి పదకొండు పౌండ్లు వదిలాయని తమ్ముడి ఏడుపు. ఫొటో తియ్యరా అని వెనక్కి తిరిగితే మనిషి లేడు. బూత్‌లో దూరి తలుపేసుకుని, సెల్‌లో అమ్మతో వీడియో కాల్.

"ఇక్కడ గాలి తగలట్లేదే అమ్మా, హాయిగా ఉంది," అంటున్నాడు.