మన బోరు నీళ్లకు సరిపడే ఇంటి చిట్కాలు

ఇంటి చిట్కాలు ఎవరు చెప్పినా, ఎక్కడ చదివినా, ఒక్క ప్రశ్న మాత్రం ఎవరూ అడగరు: మీ ఇంట్లో వాడేవి ఏ నీళ్లు? పప్పు మెత్తగా ఉడకాలన్నా, వెంట్రుకలు మెత్తగా ఉండాలన్నా, నల్లా మీది తెల్లటి మరకలు వదలాలన్నా ముందుగా తేలవలసింది అదే. కాలువ నీళ్లు వాడే కోనసీమ ఇంటికి చక్కగా కుదిరిన చిట్కా, వందల అడుగుల లోతు నుంచి బోరు నీళ్లు తోడుకునే నల్లగొండ ఇంటికి కుదరకపోవచ్చు. ఒక్కోసారి చెరుపు కూడా చేయవచ్చు. అందుకే నల్లగొండ, పాలమూరు వైపు ఇళ్లకు పనికొచ్చే కొన్ని సంగతులను, అవి ఎందుకు పనికొస్తాయో కారణంతో సహా రాస్తున్నాను.

మన నేల కింద ఉన్నది ఎక్కువగా గ్రానైటు. ఆ రాతి పగుళ్లలో ఏళ్ల తరబడి నిలిచిన నీటిలోకి రాతిలోని ఖనిజాలు కరుగుతూ వస్తాయి. వాటిలో మనకు ఇబ్బంది కలిగించేవి రెండు రకాలు. కాల్షియం, మెగ్నీషియం లవణాలు కరిగిన నీళ్లలో సబ్బు నురగ రాదు, గిన్నెల అడుగున తెల్లటి పొర కడుతుంది, బకెట్ల అంచులు గరుకుతేలుతాయి. నీటి కాఠిన్యం అనే ఈ ఇబ్బంది కంటికి కనిపిస్తుంది. రెండవది ఫ్లోరైడ్. దానికి రంగు లేదు, రుచి లేదు, వాసన లేదు. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు వైపు ఊళ్లలో తరాల తరబడి ఎముకలు వంగిపోయిన మనుషులను చూసినవారికి దాని సంగతి విడమరచి చెప్పనక్కరలేదు. తాగే నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలని, వేరే దిక్కు లేనప్పుడు కూడా 1.5 దాటకూడదని మన దేశ ప్రమాణం. బోరు నీళ్లు తియ్యగా ఉన్నాయి కాబట్టి మంచివే అనుకోవడం సరికాదు. గ్రామీణ నీటి సరఫరా విభాగం ప్రయోగశాలలో పరీక్ష చేయిస్తే తప్ప ఆ విషయం తెలియదు.

ఇక్కడే ఒక చిట్కాను గట్టిగా ఖండించాలి. నీళ్లు మరిగించి తాగితే అన్ని దోషాలూ పోతాయని చాలామంది నమ్ముతారు. మరిగిస్తే క్రిములు చస్తాయి, కొంత కాఠిన్యమూ పోతుంది, కానీ ఫ్లోరైడ్ పోదు. నీరు ఆవిరై తగ్గిన కొద్దీ మిగిలిన నీటిలో దాని మోతాదు పెరుగుతుంది కూడా. గుడ్డతో వడగట్టినా, మామూలు క్యాండిల్ ఫిల్టర్‌లో పోసినా పోదు. నాగపూర్‌లోని నీరి సంస్థ పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్‌ను అడుగుకు దింపే పద్ధతిని రూపొందించింది. దానిని ప్రపంచమంతా నల్లగొండ పద్ధతి అనే పేరుతోనే పిలుస్తుంది. అయితే నీటిలోని ఫ్లోరైడ్‌ను, క్షారాన్ని కొలిచి మోతాదు నిర్ణయించాలి కాబట్టి ఇంట్లో చేతి అందాజాతో పటిక వేసి ఆ నీళ్లు తాగడం మంచిది కాదు. ఇప్పుడు మిషన్ భగీరథ నల్లాలలో నది నీళ్లు వస్తున్నాయి. ఆ నీళ్లను తాగడానికే కాక వంటకు కూడా వాడుకోవాలని నేను ప్రతి ఇంటినీ కోరుకుంటాను. ఎందుకంటే గంజి వార్చకుండా అన్నం వండితే పోసిన నీళ్లలో చాలావరకు బియ్యమే పీల్చుకుంటుంది. నీటిలో ఉన్నదంతా కంచంలోకి వస్తుంది. తాగే బిందె పక్కన వంటకు మరొక బిందె నింపి మూతపెట్టుకోవడం పెద్ద పని కాదు.

వంటకు ఆ నీళ్లు వాడితే కలిగే మరొక లాభం పప్పు దగ్గర తెలుస్తుంది. కందిపప్పు బద్దలోని కణాలను ఒకదానితో ఒకటి పట్టి ఉంచేది పెక్టిన్ అనే పదార్థం. వేడికి అది కరిగితేనే పప్పు మెదుగుతుంది. బోరు నీళ్లలోని కాల్షియం ఆ పెక్టిన్‌ను పట్టుకుని మరింత బిగిస్తుంది కాబట్టి ఎన్ని విజిల్స్ వచ్చినా బద్ద బద్దగానే మిగిలిపోతుంది. చాలామంది దుకాణంవాడు పాత పప్పు ఇచ్చాడని తిట్టుకుంటారు. పప్పు పాతదైనా ఉడకదు, అది నిజమే, కానీ అదే పప్పును గుప్పెడు తీసుకుని నది నీళ్లలోనో, పట్టిపెట్టిన వాన నీళ్లలోనో ఉడికించి చూస్తే తప్పు ఎవరిదో తేలిపోతుంది. అరగంట నానబెడితే ఇంకా త్వరగా ఉడుకుతుంది. చింతపండు, టమాట, మామిడికాయ వంటి పులుపు ఏదైనా పప్పు పూర్తిగా మెత్తబడిన తరువాతనే వేయాలి, ఎందుకంటే పులుపు కూడా పెక్టిన్‌ను కరగనివ్వదు. తినే సోడా చిటికెడు వేస్తే పప్పు త్వరగా ఉడికే మాట వాస్తవమే, కానీ ఆ క్షారానికి బి1 విటమిన్ నశిస్తుంది, రుచిలో సబ్బు జాడ కూడా వస్తుంది. మంచి నీళ్లు దొరికే ఇంట్లో సోడా డబ్బాను పప్పు దగ్గరికి రానివ్వకూడదన్నది నా అభిప్రాయం.

చింతపండు మాట వచ్చింది కాబట్టి ఒక సంగతి. చింతపండు తిన్నవారిలో ఫ్లోరైడ్ మూత్రం ద్వారా ఎక్కువగా బయటికి పోతున్నట్లు హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు గమనించారు. మన పచ్చి పులుసుకు అది గౌరవమే. అంతమాత్రాన పులుసు తాగుతూ బోరు నీళ్లు తాగవచ్చని అర్థం చేసుకోకూడదు. ముందు మారవలసింది నీళ్లే.

జొన్న రొట్టె దగ్గర మాత్రం నీటి గుణం కంటే నీటి వేడి ముఖ్యం. జొన్నలో గోధుమలోలాగా సాగే జిగురు ఉండదు. మసిలే నీళ్లు పోసినప్పుడు పిండిలోని గంజి పదార్థం ఉబ్బి, ఆ జిగురు చేయవలసిన పనిని తాను చేస్తుంది. కాబట్టి నీళ్లు తెర్లుతుండగానే కొద్దిగా ఉప్పు వేసి, పిండిలో పోసి, గరిటెతో కలిపి, చెయ్యి పట్టేంత వేడికి రాగానే అరచేతి మడమతో గట్టిగా ఒత్తుతూ పిసకాలి. ముద్ద అంచు చీలకుండా నున్నగా వచ్చేదాకా ఆ ఒత్తుడు ఆపకూడదు. పొడి పిండి చల్లిన పీట మీద ముద్దను ఒక చేత్తో తిప్పుతూ మరొక చేత్తో తడితే, అంచు దగ్గర పలుచబడుతూ రొట్టె తనంతట తానే గుండ్రంగా పెరుగుతుంది. పెంక మీద వేసిన వెంటనే పై వైపున తడి గుడ్డతో తుడవాలి. పొడి పిండి పోయి, ఆ తడి ఆవిరై రొట్టె పొంగుతుంది. ఇంత చేసినా రొట్టె విరిగిపోతుంటే పిండి పాతదని అర్థం. జొన్న పిండిని గిర్నీలో కొద్ది కొద్దిగానే పట్టించుకోవాలి, నిలువ ఉన్న కొద్దీ జిగి తగ్గి చేదెక్కుతుంది.

నల్లాల మీద, స్టీలు సింకు చుట్టూ కట్టే తెల్లటి పొర చాలావరకు కాల్షియం కార్బొనేట్. సబ్బుతో ఎంత రుద్దినా అది పోదు, పులుపుతోనే కరుగుతుంది. నకిరేకల్ నిమ్మ మార్కెట్ మన పక్కనే ఉంది కాబట్టి పిండేసిన నిమ్మ చెక్కలనే వాడుకోవచ్చు. ఒక పాత గుడ్డను నిమ్మరసంలోనో, గ్లాసు నీళ్లలో చెంచాడు నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపిన నీళ్లలోనో తడిపి నల్లా చుట్టూ చుట్టి, అరగంట తరువాత పాత బ్రష్‌తో రుద్ది కడిగితే సరిపోతుంది. షవర్ రంధ్రాలు మూసుకుపోయినా ఇదే ఉపాయం.

అయితే ఆ రసం కింద బండ మీద పడకుండా చూసుకోవాలి. మన ఇళ్లలో పరిచే తాండూరు బండలు, షాబాద్ బండలు, గట్టు మీద వేసే కడప బండ, ఇవన్నీ సున్నపురాయి జాతివి. నల్లా మీది పొరను కరిగించే పులుపే ఆ బండ పైపొరను కూడా కరిగిస్తుంది. నిమ్మరసం, వెనిగర్, బాత్‌రూమ్ యాసిడ్ పడిన చోట మెరుపు పోయి తెల్లటి మచ్చ నిలిచిపోతుంది; మళ్లీ పాలిష్ పట్టిస్తే తప్ప పోదు. గ్రానైటు గట్టుకు నిమ్మరసంతో ఈ భయం లేదు. బండలను తుడవడానికి గోరువెచ్చని నీళ్లు, కొద్దిగా గిన్నెల సబ్బు నీళ్లు చాలు. ఇంకొక మాట, ఇది ప్రాణాల మీది విషయం: బాత్‌రూమ్ యాసిడ్‌ను, బ్లీచింగ్ పౌడర్‌ను ఒకేచోట, ఒకేసారి ఎన్నడూ వాడకూడదు. రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు వెలువడి ఊపిరితిత్తులను కాలుస్తుంది. చిన్న కిటికీ ఉన్న స్నానాల గదిలో అది మరీ ప్రమాదం.

గీజర్ కాయిల్ మీద కూడా ఇదే పొర కట్టి కరెంటు వృథా చేస్తుంది. దానిని మాత్రం మెకానిక్ చేతనే శుభ్రం చేయించుకోవాలి. బట్టలకు సబ్బు వేయడానికి ముందే నీళ్లలో కొద్దిగా బట్టల సోడా కలిపితే కాల్షియం అడుగుకు దిగి, తక్కువ సబ్బుతోనే నురగ వస్తుంది. పట్టు, ఉన్ని బట్టలకు ఈ సోడా వాడకూడదు.

తలస్నానం విషయంలో మన పెద్దవాళ్ల పద్ధతి ఎంత తెలివైనదో ఈ నీటి సంగతి తెలిస్తే గానీ బోధపడదు. సబ్బు బోరు నీళ్లలోని కాల్షియంతో కలిసి కరగని తెట్టుగా మారుతుంది. ఆ తెట్టే వెంట్రుకల మీద పేరుకుని జిడ్డుగా, బిరుసుగా అనిపిస్తుంది. కుంకుడుకాయలోని సపోనిన్ అనే నురగ పదార్థం అలా తెట్టు కట్టదు కాబట్టి ఎంత గట్టి నీళ్లలోనైనా నురగ ఇస్తుంది. కాయలను పగులగొట్టి గింజలు తీసేసి, రాత్రి వేడి నీళ్లలో నానబెట్టి, పొద్దున చేత్తో బాగా పిసికి, పలుచటి గుడ్డలో వడగట్టాలి. ఈ వడగట్టడం చాలామంది వదిలేస్తారు, అప్పుడు తొక్క ముక్కలు జడలో చిక్కుకుంటాయి. రసం కంట్లో పడితే బాగా మండుతుంది కాబట్టి పిల్లలకు పోసేటప్పుడు తల వెనక్కి వంచి పోయాలి. షాంపూయే అలవాటైతే, చివరి చెంబు మాత్రం నది నీళ్లతోనో, మరిగించి చల్లార్చి పైకి తేర్చిన బోరు నీళ్లతోనో పోసుకుంటే తేడా దువ్వెనకు తెలుస్తుంది. గద్వాల చీరకు, అంటే నూలు ఒడలికి పట్టు అంచు కలిపిన చీరకు కూడా సబ్బు కంటే పలుచటి కుంకుడు నీళ్లే మేలు. ఉతికాక నీడలో ఆరేయాలి.

ముఖానికి నిమ్మరసం రాసుకోమని చెప్పే చిట్కాను దయచేసి పాటించకండి. నిమ్మజాతి రసం ఉన్న చర్మం మీద ఎండ పడితే మంట పుట్టి నల్లటి మచ్చలు తేలవచ్చు, మన ఎండలు ఎలాంటివో వేరే చెప్పాలా? పెసరపిండిలో పాలు కలిపిన నలుగు చాలు. బత్తాయి తొక్కల పొడి కలుపుకునేవారు సాయంత్రం వాడుకుని శుభ్రంగా కడుక్కోవడం మంచిది.

పళ్ల మీది గోధుమరంగు మరకల గురించి రాయకపోతే ఈ చిట్కాలు మన ప్రాంతానివి కావు. పెళ్లీడు వచ్చిన ఆడపిల్లలు, ఉద్యోగాలకు వెళ్లే మగపిల్లలు నవ్వేటప్పుడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోవడం చూస్తే మనసు కలుక్కుమంటుంది. ఆ మరకలు పళ్లు తోమకపోవడం వల్ల వచ్చినవి కావు. చిన్నతనంలో, సుమారు ఎనిమిదేళ్ల లోపు, చిగుళ్ల లోపల పన్ను మీది ఎనామిల్ తయారవుతున్నప్పుడే ఎక్కువ ఫ్లోరైడ్ దానిలో చేరడం వల్ల వచ్చినవి. రంగు పైన అంటుకున్నది కాదు, లోపలిది. అందువల్ల బొగ్గు పొడి, ఉప్పు, నిమ్మరసం, తినే సోడా పెట్టి రుద్దితే మరక పోదు సరికదా, ఉన్న ఎనామిల్ అరిగి చల్లటి నీళ్లకు కూడా పళ్లు జివ్వుమంటాయి. దంతవైద్యులు పైపొరను పలుచగా సాఫు చేసిగానీ, పన్ను రంగు పదార్థంతో పూత వేసిగానీ ఈ మరకలను తగ్గించగలరు. మూడేళ్లు దాటిన చిన్నపిల్లలకు పేస్టు బఠానీ గింజంతకు మించి పెట్టకూడదు, మింగకుండా ఉమ్మడం నేర్పాలి. తాగే నీళ్లు బాగుంటే తరువాతి పిల్లల పళ్లు తెల్లగానే వస్తాయి.

చివరగా, సీతాఫలాల కాలంలో పాలమూరు ఇళ్లలో ప్రతిసారీ వినిపించే చిట్కా ఒకటుంది: గింజలు నూరి తలకు పట్టిస్తే పేలు చస్తాయని. చావడం నిజమే, ఆ గింజలో అంత విషం ఉంది. ఆ విషమే చుక్కంత కంట్లో పడితే నల్లగుడ్డు పైపొర పుండుపడి, భరించలేని నొప్పి, చూపు మసకబారడం కలుగుతాయి. పిల్లల తలకు దీనిని ఎంత మాత్రం వాడవద్దు. పొరపాటున పడితే వెంటనే పదిహేను నిమిషాలకు తక్కువ కాకుండా శుభ్రమైన నీళ్లతో కన్ను కడుగుతూ ఉండి, కంటి వైద్యుని దగ్గరికి తీసుకువెళ్లాలి. పేలకు అంతకన్నా నెమ్మదైన మార్గం ఉంది. తడి తలకు కొబ్బరినూనె దట్టంగా పట్టించి, పేల దువ్వెనతో పాయ పాయగా కుదుళ్ల నుంచి చివరిదాకా దువ్వి, ప్రతి దువ్వుకూ దువ్వెనను తెల్ల గుడ్డ మీద తుడుచుకుంటూ పోవాలి. ఈపులు పగలడానికి వారం, పది రోజులు పడుతుంది కాబట్టి రెండు వారాల పాటు మూడు నాలుగు రోజులకొకసారి ఇలా దువ్వాలి, ఇంట్లో అందరి తలలూ ఒకేసారి చూడాలి.